ఉత్త బిందెతో వచ్చినా

"ఆ ఓణీ ఆడ పెట్టు."

కృపమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే సుదర్శన్‌కు ఇంత దిగులు పుట్టేది కాదు.

"పెట్టు మే, ఆడ."

మెర్సీ పెట్టలేదు. వరండాలో ఆమె బ్యాగు నోరు తెరుచుకుని పడి ఉంది. దువ్వెన, పౌడరు డబ్బా, ఫోను చార్జరు గచ్చు మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. అన్నిటినీ తల్లే కుమ్మరించింది. ఆకుపచ్చ ఓణీ మాత్రం కూతురు రెండు చేతులా పట్టుకుని ఉంది. మడతల దగ్గర రంగు వెలిసింది. కలరా ఉండల వాసన ఇంకా వదల్లేదు.

సుదర్శన్ టమోటా మండీలో పొద్దున వేలం పాట ముగించుకుని, చొక్కా మీద మరకలతోనే నేరుగా అక్క ఇంటికి వచ్చాడు. మేనకోడలిని నాటకానికి కుప్పం తీసుకుపోతానని మాట ఇచ్చాడు. గేటు దగ్గర చెప్పులు విడుస్తుండగానే అతనికి సంగతి అర్థమైంది. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ ధర చెప్పేశారు. ఇద్దరిలో ఎవరూ దిగరు. ఇలాంటి బేరంలో మధ్యవర్తి చేయగలిగింది ఒకటే, నోరు మూసుకుని నిలబడటం.

"అది అక్క ఓణీ," అంది మెర్సీ.

"అందుకే పెట్టమంటాండా."

"అక్క వేసిన వేషమే నేను వేస్తాండా. అక్క ఓణీనే కట్టుకుంటా. దాంట్లో తప్పేముండాది?"

"పెట్టె తాళంచెవి నీకు యాడిది?"

"నువ్వు బైబిలు కింద పెట్టింటే ఎవరికైనా దొరుకుతాది."

"దేవుని పుస్తకం కింద చెయ్యి పెట్టి దొంగతనమా! అంగళ్లు ఊర్లో కాలేజీ పిల్లోళ్లకు నువ్వు చెప్పేది ఇదేనా?"

"ఆడ నేను చెప్పేది ఎలక్ట్రానిక్స్ మా."

ఇంకో రోజైతే సుదర్శన్ నవ్వేవాడు.

లోపలి గదిలోంచి పెద్ద గొంతు వినబడింది. "ఈ ఊర్లో మనిషన్నోడే లేడా?"

ముగ్గురూ ఆగిపోయారు.

"కాఫీ," అంది మెర్సీ.

"ఇప్పుడే కదా తాగింది. నీళ్లయి ఉంటాది."

"నీళ్లకు కరణం మాట అంటాడు మా. ఇది తలారి మాట. కాఫీనే."

కృపమ్మ భర్త జయరత్నానికి పక్షవాతం వచ్చి ఈ వేసవికి ఆరు నెలలు కావస్తోంది. కుడి చెయ్యి పోయింది, సొంత మాట పోయింది. కానీ రాసిన మాట పోలేదు. కొత్తగా మాట కూర్చుకునే చోటు దెబ్బతిందనీ, బట్టీపట్టినవి వేరే చోట ఉంటాయి కాబట్టి అవి మిగిలాయనీ డాక్టరు చెప్పాడు. కొందరికి పాటలు మిగులుతాయి, కొందరికి ప్రార్థనలు. జయరత్నానికి తన నాటకాలు మిగిలాయి. ఆకలేస్తే ఒక నాటకంలో కూలివాడు, ఒళ్లు నొస్తే ఇంకో నాటకంలో ముసలి దాది, బాత్‌రూముకు పోవాలంటే "దొర వస్తాండాడు, దారి ఇడవండి" అని దండోరా వేసేవాడు. ఏ మాటకు ఏది కావాలో ఇంట్లోవాళ్లు మెల్లగా నేర్చుకున్నారు.

మిషన్ ఆసుపత్రి మందుల కౌంటరులో జీవితమంతా పని చేసిన మనిషి అతను. పగలు మాత్రలు లెక్కపెట్టేవాడు, సాయంత్రాలు నాటకాలు రాసేవాడు. మొదట్లో చర్చి కాంపౌండులో క్రిస్మస్‌కు. తర్వాత ఊళ్లకు. పరిషత్తు పోటీల్లో అందరూ కోస్తా మాటతో గెలుస్తున్న కాలంలో ఇతను యాడ, ఈడ, యాల అని స్టేజీ మీద మాట్లాడించాడు. న్యాయనిర్ణేతలు నవ్వారు. ఒకాయన, ఇది నాటకం భాష కాదండీ, సంత భాష అన్నాడు. "సంతలో అబద్ధం చెల్లదు సార్, స్టేజీ మీదే చెల్లుతాది" అని వచ్చేశాడట. ఆ మాట సుదర్శన్‌కు ఇప్పటికీ నచ్చుతుంది. సంతలోనూ అబద్ధం చెల్లుతుందని అతనికి బాగా తెలిసినా.

రాయడంతో ఆగాడా, లేదు. జిల్లా వారపత్రికలో 'మూడో గంట' అని శీర్షిక పెట్టి, పుంగనూరు, పలమనేరు, కుప్పం ఎక్కడ తెర లేచినా పోయి చూసి, ఉన్నదున్నట్టు తూకం వేసేవాడు. ఆ తూకానికి భయపడి వేషాలు మానుకున్నవాళ్లున్నారు, బాగుపడినవాళ్లూ ఉన్నారు.

మానుకున్నవాళ్లలో ఒకతె ఆ ఓణీ కట్టుకున్న పిల్ల. జయరత్నం పెద్ద కూతురు హేమలత.

"ఇంగ ఇను," అంది కృపమ్మ, మెర్సీ వైపు అడుగు వేసి. "ఆ ఓణీ కట్టుకొని నువ్వు స్టేజీ ఎక్కితే, ఈ ఇంటి తలుపు నీకు తీయను."

మెర్సీ తల్లి ముఖంలోకి చూసింది. కిందకు వంగి దువ్వెన, పౌడరు డబ్బా, చార్జరు ఒక్కొక్కటే ఏరి బ్యాగులో వేసింది. అన్నిటికంటే పైన ఓణీ పెట్టి జిప్పు లాగింది.

"అయితే తీయొద్దులే."

కృపమ్మ లోపలికి వెళ్లిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఉంటే సుదర్శన్ ఏదో ఒక మాట అనేవాడు. ఆమె తుడుచుకోలేదు.

ఈ వరండాలో ఒక ఆడపిల్ల ఇలాగే బ్యాగు సర్దుకోవడం అతను ఒకసారి చూశాడు. ఆ పిల్ల బెంగళూరు పోయింది, ల్యాబు పని నేర్చుకుంది, ఉద్యోగం చేసింది, ప్రతి క్రిస్మస్‌కూ వచ్చి నవ్వుతూ అన్నం తిని పోయింది. నాటకం ఊసు మాత్రం ఎత్తలేదు. కరోనా రెండోసారి వచ్చినప్పుడు అక్కడే పోయింది, అక్కడే పూడ్చారు. శవం కూడా ఈ గడప తొక్కలేదు. ఒకసారి మునిగిన సరుకును ఎవరూ తేలేరు. రెండోసారి మునక్కుండా చూసుకోవడమే వ్యాపారం. ఇప్పుడు అతని ముందున్న పని అదొక్కటే.

"నువ్వు కార్లో కూర్చో పాపా," అన్నాడు మెర్సీతో. "ఒక్క నిమిషం."

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నాయి. కృపమ్మ వాటినే చూస్తోంది, కానీ చెయ్యి కదపడం లేదు. సుదర్శన్ స్టవ్ ఆపాడు.

"నువ్వు కారు తీయొద్దు," అంది.

"నేను తీయకుంటే బస్సులో పోతాది. నేను తీస్తే తిరిగి పిలుసుకొస్తా. ఏది మేలో నువ్వే జెప్పక్కా."

"నా కాడ బేరాలాడొద్దు రా."

"నాకు వచ్చింది అదొకటే కదా."

ఆమె గిన్నె తీసి పక్కన పెట్టింది. గుడ్డతో పొయ్యి తుడవసాగింది. ముందు గదిలో టీవీలో ఎవరో పాస్టరు గట్టిగా ప్రసంగిస్తున్నాడు. వినేవాళ్లెవరూ లేరు.

"అక్కా, ఒక మాట అడుగుతా. బావ నోరు తెరిసినప్పుడల్లా నువ్వు టీవీ పెంచుతాండావు. యాల?"

గుడ్డ ఆగింది.

"అన్నీ వచ్చినాయి రా ఆయన నోట్లోంచి. కరణం వచ్చినాడు, తలారి వచ్చినాడు, దాది వచ్చింది. క్రిస్మస్‌కు రాసిన హేరోదు రాజు గూడా వచ్చినాడు. పరలోక ప్రార్థన నేను రోజూ చెవిలో చెప్తాండా, అది రాలే." ఆమె గొంతు తగ్గింది. "ఆ ట్యాంకరు నాటకంలోది మాత్రం ఒక్క ముక్క రాలే. ఒక్కటీ. అది లోపలెక్కడో ఉండాది. పొద్దు గూకితే నాకు భయం రా. అది వచ్చిందంటే ఆయన గొంతుతో రాదు. నా బిడ్డ గొంతుతో వస్తాది. అప్పుడు నేనేం జవాబు జెప్పాల?"

'ట్యాంకరు పొద్దు' సుదర్శన్‌కు బాగా గుర్తుంది. తెర లేవగానే స్టేజీ మధ్యలో మూసిన తలుపు. బయట ఒక పిల్ల, చంకలో ఖాళీ బిందె. నీళ్ల ట్యాంకరు దగ్గర తొక్కిసలాటలో నీళ్లు దొరకక తిరిగొచ్చింది. "అమ్మా, ఉత్త బిందెతో వచ్చినా, తలుపు తీస్తావా?" అంటుంది. అదే మొదటి మాట. లోపల్నుంచి తల్లి జవాబు చెబుతుంది. "నీళ్లు లేని బిందెకు ఇల్లు యాల మే?" నాటకం ముగిసేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

"ఆ జవాబు ఎవరిదో నీకు తెల్సు కదా," అంది కృపమ్మ.

"వీధంతా తెల్సక్కా."

"నాది. కరువు సంవత్సరం, ఆసుపత్రిలో నైటు డ్యూటీ చేసి వచ్చి పడుకోనుంటి. ఎనిమిదేండ్ల హేమలత ఉత్త బిందెతో వచ్చి తలుపు కొట్టింది. నిద్ర మబ్బులో అనేసినా. ఈయప్ప వరండాలో కూర్చోని ఇన్నాడు. ఈ ఇంట్లో ఏ మాటన్నా అంతే కదా, నోట్లోంచి ఊడితే పుంగనూరు స్టేజీ మీద తేలతాది. అదే తేలింది. జనం కండ్లనీళ్లు పెట్టుకుంటే, ఏం రాసినావప్పా అని ఆయన్ను మెచ్చుకున్నారు."

"మంచి మాటే కదక్కా, నాటకానికి."

"నేను తలుపు తీసినా రా!" కృపమ్మ గుడ్డను పొయ్యి మీద విసిరింది. "ఆ మాట అని, మారు నిమిషమే లేసి తీసినా. ఎత్తుకొని లోపలికి తెచ్చి అన్నం పెట్టినా. అది గూడా ఇన్నాడు కదా ఆయన? అది యాల రాయలే? ఇరవై ఏండ్లుగా నన్ను ఆ తలుపెనకాలే నిలబెట్టినాడు. ఇప్పుడు రెండో బిడ్డ పోయి ఆ తలుపు ముందర నిలబడతాదంట."

సుదర్శన్‌కు ఈ సంగతి తెలియదు. తెలిసిన అక్క, తెలిసిన నాటకం. మధ్యలో ఇంత పెద్ద తరుగు ఉందని ఇన్నేళ్లూ అతని కంటపడలేదు.

"ఈ పాత లెక్కలన్నీ రేపు మాట్లాడుకుందాం," అన్నాడు చివరికి. "ఈ పొద్దుకు పాపను నేను చూసుకుంటా."

"తీయనని చెప్పినా కదా. చెప్పిన మాట చెప్పినట్టే," అంది కృపమ్మ. కానీ కాఫీ కలిపి, రెండో లోటాలో పోసి, కారులో ఉన్న మెర్సీకి ఇమ్మని తమ్ముడి చేతికిచ్చింది.

మెర్సీ ఆ కాఫీ తాగలేదు. పుంగనూరు దాకా చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఊరి మధ్యలో పాత నాటకాల హాలు దగ్గర సుదర్శన్ కారు తనంతట తానే నెమ్మదించినట్టయింది. ఇప్పుడది కల్యాణ మండపం. బయట ఎవరివో పెద్ద ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ అరటి చెట్లు.

"ఈడేనా మామా, అక్క ఆడింది?"

"ఈడే."

"ఆప్తావా?"

ఆపాడు. మెర్సీ దిగలేదు, అద్దం దించి చూసింది.

"అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. అమ్మ ఒళ్లో నిద్రపోయినా. నాకు ఏమీ గుర్తు లేదు. నువ్వు ఉండావు కదా. నిజం చెప్పు మామా. అక్క ఆ రోజు మాట మరిచిపోయిందా?"

ఈ ప్రశ్న ఎప్పుడో వస్తుందని అతనికి తెలుసు.

ఆ సాయంత్రం హేమలత "అమ్మా, ఉత్త బిందెతో వచ్చినా" అని ఆగింది. రాతలో అక్కడ ఆగడం లేదు, ఒక్క ఊపిరిలో అనేయాలి. ఆగిన పిల్ల చాలాసేపు ఆగింది. తర్వాత మెల్లగా, "తలుపు తీస్తావా?" అంది. వారం తిరక్కుండా 'మూడో గంట'లో జయరత్నం తన నాటకం మీద తనే రాశాడు. కథానాయిక వేషం వేసిన పిల్ల మొదటి మాటే మరిచిపోయి, ఆ మౌనాన్ని అభినయమని అమ్మజూపింది అని. కూతురని ఎక్కడా రాయలేదు. రాయకపోయినా తెలియనిదెవరికి?

అంతకుముందే సుదర్శన్ అతనికి చెప్పి చూశాడు. వాళ్ల నాయన నాటి నుంచి మండీలో ఒక పద్ధతి ఉంది. తమ తోటలో కాసిన టమోటాను తమ మండీలో పాటకు పెట్టరు, పక్క మండీకి పంపుతారు. ధర ఎక్కువ పలికితే ఊరు అనుమానిస్తుంది. అనుమానం రాకూడదని తగ్గించి పాడితే కాయకు అన్యాయం. సొంత సరుకుకు ఏ పాటగాడి నోరూ సరిగా పలకదు. "మన కాయ మన మండీలో వద్దు బావా. ఈ వారం ఇంకొకరితో రాయించు" అంటే జయరత్నం ఒప్పుకోలేదు. "నా బిడ్డను ఒక్క మాట ఎక్కువ పొగిడితే, రేపు ఊరోళ్ల బిడ్డల్ని తప్పు పట్టే హక్కు నాకు యాడిది?" అన్నాడు. ఎక్కువ పాడకూడదన్న పట్టుదలలో తక్కువ పాడాడు. తక్కెడ ముల్లు నిటారుగా ఉందని చూపించడానికి బిడ్డను రాయిగా వేశాడు.

"మామా, నిన్నే అడుగుతాండా."

"మరిచిపోయిందో లేదో నాకు తెలీదు పాపా."

"నువ్వు గూడా అట్లే తప్పించుకుంటాండావు."

"తప్పించుకోలే. నేను స్టేజీ వైపు సూడలేదు. పాట జరిగేటప్పుడు నేను కాయను సూడను, కొనేవాళ్ల మొకాలు సూస్తా. ఆ పొద్దు గూడా అంతే. జనం వైపు తిరిగి కూర్చోనుంటి."

"ఏం చేస్తాండ్రి జనం?"

"ఏమీ చేయలే. దగ్గేవాడు దగ్గలేదు. పిల్లోళ్లు ఏడవలేదు. మాట మరిచిపోయిన నటుడ్ని జనం కనిపెట్టకుండా ఉంటారా? ఈలలు ఏసి గోల చేస్తారు. ఆ పొద్దు ఒక్కరూ కదల్లేదు."

"ఈ మాట నాయనతో అనలేదా?"

"అన్నా. జనం తూకం రాళ్లు కాదు సుదర్శనా అనె."

మెర్సీ చాలాసేపు ఆ ప్లాస్టిక్ అరటి చెట్లను చూసింది. "ఈ పొద్దు నేను ఆడ ఆగాలనా, వద్దా?" అంది. అతన్ని అడిగినట్టు లేదు. "డైరెక్టరు మునికుమార్ సారు ఆగొద్దంటాండాడు. రాసినట్టు చెప్పమంటాడు. ఆగితే నాయన రాసింది తప్పు. ఆగకుంటే అక్క చేసింది తప్పు."

చల్లారిన కాఫీని అద్దంలోంచి పారబోసి, లోటాను ఒళ్లో పెట్టుకుంది. "పోదాం మామా."

పలమనేరు దాటాక పొద్దు వాలింది.

కుప్పంలో రైలు కట్ట పక్కన హాలు. అక్కడి నాటకాలకు ఒక కట్టుబాటు ఉంది. మొదటి గంట, రెండో గంట వేళకే కొడతారు. మూడో గంట మాత్రం బెంగళూరు బండి పోయాకే. బండి చప్పుడులో మొదటి మాట మునిగిపోతే నాటకమే మునిగిపోతుందని పాతకాలం వాళ్ల నమ్మకం. బండి ఆలస్యమైతే నాటకమూ ఆలస్యమే. జనం వేరుశనక్కాయలు తింటూ, మూడు భాషల్లో రైల్వేని తిట్టుకుంటూ కూర్చుంటారు.

మునికుమార్ గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు. రాతి దుమ్ము చెవుల వెనక ఇంకా తెల్లగా ఉంది. ఈ నాటకాన్ని మళ్లీ ఆడించాలన్న పట్టు అతనిదే. సుదర్శన్‌ను చూడగానే ఎదురొచ్చాడు.

"జయరత్నం సారును గూడా పిలుసుకొని వస్తావనుకుంటినప్పా. ముందు వరసలో కుర్చీ ఎత్తిపెట్టినాము."

"ఆయన్ను పిలుసుకొస్తే నీ నటుల మాటలు ఎవరూ ఇనరు సామీ. అన్ని వేషాలూ ఆయనే చెప్పేస్తాడు."

తల్లి వేషం వేసే అంగన్‌వాడీ టీచరు రాజేశ్వరి పక్కున నవ్వింది. "అయితే నాకు మేలే. నేను తలుపెనకాల కూర్చోని మిక్చరు తింటా."

తలుపు నిజమైన తలుపు. కూలగొట్టిన ఇంటిది ఎక్కడిదో తెచ్చి స్టేజీ మధ్యలో నిలబెట్టారు. చెక్కకు పసుపు మరకలు ఉన్నాయి, గొళ్లెం అరిగి ఉంది. సుదర్శన్‌కు దాని వైపు చూడబుద్ధి కాలేదు. ఎవరి ఇల్లో, ఎవరి గడపో. దాని వెనక ఇల్లు లేదు. అయినా ఎవరో లోపల ఉన్నట్టే ఉంది.

మెర్సీ వేషం కట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ ఓణీ, చంకలో బిందె. పక్క దీపాల వెలుగులో ఆమె తల వంచుకుని నిలబడితే సుదర్శన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ముఖం హేమలతది కాదు. నిలబడిన తీరు హేమలతది.

రెండో గంట మోగింది. బండి ఇంకా రాలేదు.

అప్పుడు అతని జేబులో ఫోను కొట్టుకుంది. అక్క.

"ఏందక్కా?"

అవతల కృపమ్మ మాట్లాడలేదు. దూరంగా ఇంకో గొంతు. బావ గొంతే, కానీ సన్నగా, సాగదీసినట్టు.

"అమ్మా, ఉత్త బిందెతో వచ్చినా..."

నిశ్శబ్దం. టీవీ చప్పుడు లేదు. ఫ్యాను తిరుగుతున్నది మాత్రం వినిపిస్తోంది. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగో సుదర్శన్‌కు తెలుసు. పుంగనూరు హాల్లో ఒకసారి విన్నాడు.

"...తలుపు తీస్తావా?"

"ఇనినావా?" అంది కృపమ్మ. "పొద్దు గూకినప్పట్నుంచి ఇదే రా. అదే మాట, అదే చోట ఆగుతాడు. తప్పని రాసినాడు కదా? తప్పయితే ఈయనకు యాల గుర్తుండాది? రాసింది రాసినట్టు రాకుండా, అది ఆగినట్టే యాల ఆగుతాండాడు?"

సుదర్శన్ దీపాల వెలుగులోంచి గోడవారకు జరిగాడు.

"జవాబు జెప్తేగానీ ఆపడు. నాకు తెల్సు. ఆ జవాబు నాది. నా నోటితో మళ్లీ ఆ మాట నేను అనలేను రా సుదర్శనా. నా వల్ల కాదు."

"అనొద్దక్కా," అన్నాడు. "మండీ పాటలో ఒక మాట కుదరకుంటే ఇంకో మాట జెప్పాల. ఆయన రాసింది వద్దు. నువ్వు ఆ పొద్దు చేసింది జెప్పు."

దూరంగా బండి కూత. జనం సర్దుకుని కూర్చుంటున్న చప్పుడు. ఫోనులో మళ్లీ ఆ సన్నని గొంతు మొదలైంది. అమ్మా అంది, ఉత్త బిందెతో వచ్చినా అంది, ఆగింది. ఈసారి ఆ మౌనం పూర్తి కాలేదు. మధ్యలోనే కృపమ్మ మాట్లాడింది.

"తీసే ఉండాది. తలుపు తీసే ఉండాదమ్మా. లోపలికి రా."

బండి హాలు గోడలను వణికిస్తూ పోయింది. అది పోయేదాకా సుదర్శన్ ఫోనును చెవికి అదిమిపట్టుకున్నాడు. చప్పుడు తగ్గాక అక్క మాట వినిపించింది, గుసగుసగా.

"ఆయన ఒక మాట అన్నాడు."

"ఏమన్నాడు?"

"'ఆ పిల్లకు అన్నం పెట్టు' అన్నాడు. ఇది ఏ నాటకంలోది రా?"

సుదర్శన్ బావ నాటకాలన్నీ చూశాడు. అతన్ని ఊరూరా తిప్పింది తనే. కరణాన్ని, తలారిని, దాదిని, హేరోదును ఒక్కొక్కరినీ మనసులో నిలబెట్టి అడిగాడు. ఎవరూ మాది అనలేదు.

"ఏ నాటకంలోదీ కాదక్కా."

"ఫోను పెట్టెయ్యొద్దు," అంది కృపమ్మ.

మెర్సీ పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో.

"అమ్మా?"

"అమ్మే. తలుపు తీసే ఉండాదంట, పాపా."

ఆమె కళ్లు ఒక్కసారి వెలిగి, మళ్లీ నిలిచిపోయాయి. "ఎవరితో అనింది మామా? నాతోనా, అక్కతోనా?"

మూడో గంట మోగింది.

మెర్సీ బిందెను చంకలో సర్దుకుని స్టేజీ మీదకు నడిచింది. రాజేశ్వరి తలుపు వెనక చేరింది. తెర పక్కకు జరిగింది. వెలుగులో మూసిన తలుపు, దాని ముందు ఆకుపచ్చ ఓణీ.

"అమ్మా," అంది మెర్సీ. "ఉత్త బిందెతో వచ్చినా..."

ఆగింది.

పక్క తెర చాటున మునికుమార్ చేతిలోని కాగితాలు నలిగాయి. సుదర్శన్ స్టేజీ వైపు చూడలేదు. అలవాటు ప్రకారం జనం వైపు తిరిగాడు. వేరుశనక్కాయలు ఒలుస్తున్న వేళ్లు ఆగిపోయి ఉన్నాయి. ఎవరూ దగ్గలేదు. ముందు వరుసలో ఖాళీ కుర్చీ ఒకటి స్టేజీ వైపు తిరిగి ఉంది.

అరచేతిలో ఫోను వెచ్చగా ఉంది. అందులో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు, మాట్లాడబోయే మనిషి పీల్చుకున్నట్టు. అది అక్కో, బావో అతనికి తెలియలేదు.